వంకర కాలువ ఎవరిది?

గుడి అరుగు తుడవాలి. చాపలు దులపాలి. వంకాయలు ఉడికించి, సోయా గింజల మిసో ముద్ద పట్టించాలి. దోసకాయకు పుల్లలు గుచ్చి గుర్రం చేయాలి. అన్నీ అయ్యాక బియ్యపు సారా, సాకే సీసా బయటికి తీయాలి, అదీ మంచి సరుకు.

కిను పొద్దున్నుంచీ ఈ పనుల మీదే తిరుగుతోంది. గెన్సాకు గుడి మెట్ల పక్కన కూర్చుని భార్యనే చూస్తున్నాడు. ఆ సీసాను తనకు దొరక్కుండా బియ్యం పెట్టె అడుగున దాచింది ఈవిడే. ఇప్పుడు ఎవడికోసమో చేతులారా మూత తీస్తోంది.

బాన్ పండుగ, పోయినవాళ్ళు దోసకాయ గుర్రమెక్కి ఇళ్ళకొచ్చే రోజులు. ఈ ఏడు గుడిలో జిసుయి కోవున్ కోజి గారిని తలుచుకుంటారట. ఈ కొండ ఊళ్ళలో అంత ఘనమైన పేరున్న మనిషిని గెన్సాకు ఎప్పుడూ ఎరగడు. కింది ఊరి ఆసామీ ఎవరో అయ్యుంటాడు.

"గిన్నె నిండా పొయ్యి వదినా," అన్నాడు పక్క పొలం తోకుజి. "ఇవాళైనా చెయ్యి బిగపట్టకు."

"నిండుగానే పోస్తున్నాలే. నీ నోట్లో పడట్లేదనేగా నీ ఏడుపు?"

"నీళ్ళు కలపలేదు కదా?"

"నీకిచ్చేదాంట్లో కలుపుతా."

అందరూ నవ్వారు. గెన్సాకుకి ఒళ్ళు మండింది. తనతో ఏనాడైనా ఇంత సరదాగా మాట్లాడిందా?

గుడి గురువుగారు గంట కొట్టారు. జనం తలలు వంచారు. ముందుగా తోకుజి లేచాడు.

"మన జిసుయి... కోవు... ఏదోలెండి, ఆయన..."

"ఏదోలెండి ఏమిటయ్యా!" గురువుగారు కసిరారు. "గుడిలో ఆ పేరే పలకాలి."

"కోజి గారు! చలి వేసవి వచ్చిన ఏడు చుట్టుపక్కల వెన్నుల్లో తాలే మిగిలింది. మనకు మాత్రం గింజ పట్టింది. ఎందుకు? కోజి గారి వంకర కాలువ వల్ల!"

గెన్సాకు దిగ్గున లేచాడు.

వంకర కాలువ తనది! మంచు కరిగిన నీళ్ళు నేరుగా మడిలో పడితే వరి బిగుసుకుపోతుందని, వాటిని మడి చుట్టూ పాములా తిప్పి, ఎండకు వెచ్చబడ్డాకే లోపలికి వదిలింది తను. "గెన్సాకు నీళ్ళకు దారి తప్పించాడ్రోయ్" అని ఊరంతా తిరిగి చెప్పింది ఈ తోకుజే. తర్వాత అందరూ తనను చూసే తవ్వుకున్నారు. ఒక్కడు పిలిచి మంచిమాట అనలేదు. బతుకు మొత్తమ్మీద తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క కాలువ. దాన్నీ ఎవడో పెద్దమనిషికి కట్టబెట్టేస్తున్నారు!

"ఆయన తవ్వుతుంటే నేను కళ్ళారా చూశాను," అంటున్నాడు తోకుజి.

వాడి మెడ పట్టుకుందామనిపించింది. గుడిలో రభస బాగుండదు. అయినా నలుగురిలో గెన్సాకుకి ఏనాడూ నోరు పెగల్లేదు. కిను వైపు చూశాడు. మట్టి తట్టలు మోసింది ఆమే. ఆమెకు తెలుసు. ఆమె ఊరుకోదు.

కిను మెల్లగా లేచింది.

"అవును. ఆ కాలువ కోజి గారిదే."

కట్టుకున్నదే ఈ మాట అంటే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

కిను అంగీకున్న కొంగులాంటి పొడుగు చేతి అంచుతో కళ్ళు ఒత్తుకుని, జనం వైపు తిరిగింది.

"ఆయన పోయాక గురువుగారు పెట్టిన ఆ పేరు మీకు నోరు తిరగకపోతే, గెన్సాకు అనే తలుచుకోండి."