జానెటో మీసం

ఈసారి కూడా ఓడిపోతే మీసం తీసేస్తానని జానెటో కాఫీ కొట్లో అందరి ముందూ నోరు జారాడు. ఇక మిగిలింది దొంగతనమే.

అక్టోబరులో పునీత అవెర్కియోస్ పండగనాడు సాంతొరిని దీవిలో కొత్త వైన్ పీపాలు తెరుస్తారు. ఏ గ్లాసు ఎవరిదో చెప్పకుండా ఫాదర్ చేత రుచి చూపిస్తారు. ఏటా గెలిచేది పక్కతోట మార్గారోయే. ఇద్దరిదీ అసిర్తికో ద్రాక్షే, ఒకటే బూడిద నేల. కానీ ఆవిడ వైన్ నాలుక మీద చురుక్కుమంటుంది, వెనకాలే సముద్రపు ఉప్పు తగులుతుంది. జానెటోది చప్పగా ఏడుస్తుంది. పైగా అతని తోటలో సముద్రం వైపు వరసలకు ఏనాడూ సగం కాపు కూడా దక్కదు. పాడు గాలి అని తిట్టుకుంటాడు.

"నీ ద్రాక్షననకురా, అది బంగారం. నీ చెయ్యే మంచిది కాదు," అంది మార్గారో, పందెం సంగతి విని.

ఆగస్టులో మేరీమాత పండగ పొద్దున ఊరంతా చర్చికి పోయింది. నడుం పట్టేసిందని జానెటో ఉండిపోయాడు. అందరూ మలుపు తిరగగానే ఆ నడుంతోనే ఆవిడ గోడ దూకాడు.

గాలికి తట్టుకోవాలని అక్కడ తీగలను నేలమీదే గంపల్లా చుడతారు. కాయంతా గంప లోపలే, పైకి ఆకులే కనిపిస్తాయి. పాక్కుంటూ వెళ్ళి చెయ్యి పెట్టాడు. కత్తి పెట్టకుండానే గుత్తులు చేతికొచ్చేశాయి. ఆవిడ కంటే ఆవిడ తీగలే నయమని మురిసిపోతూ గోనెసంచులు నింపేశాడు.

అవెర్కియోస్ పండగకు మంగలి నోమికోస్ కత్తి నూరుకుని మరీ వచ్చి జానెటో పక్కనే కూర్చున్నాడు. ఫాదర్ ఒక గ్లాసు తాగి మొహం చిట్లించారు. ఇంకోటి తాగి కళ్ళు మూసుకున్నారు. అదే మళ్ళీ పోయమన్నారు.

అది జానెటోది. మీసం మెలేస్తూ గెంతాడు. వయొలిన్ అందుకుంది. నోమికోస్ బిక్కమొహం వేసి కత్తి జేబులో పెట్టుకున్నాడు.

అంతలో మార్గారో ఎదురుగా వచ్చి నిలబడింది. జానెటో మీసం మీది చెయ్యి దించేశాడు. తప్పయిపోయింది పెద్దమ్మా అనబోయాడు. ఆవిడ అతని బుగ్గ గిల్లి చెవిలో గొణిగింది.

"ఆ పొద్దున చీకటితోనే లేచి, ఏటా కోసినట్టే నీ సముద్రం వైపు వరసలు కోశానురా. ఈలోగా చర్చి గంట కొట్టేశారని నా తీగల గంపల్లో దాచి పోయాను. వచ్చి చూస్తే లేవు. ఇన్నేళ్ళలో మొదటిసారి, నా సొంత ద్రాక్షతో వైన్ చేసుకోవాల్సొచ్చింది."