చెవి ఎత్తు

పూర్ణిమ మొగుడు రాజశేఖర్‌కు ఇంట్లో ఏదీ వినపడదు.

గ్యాస్ అయిపోయిందంటే వినపడదు. పిండి పట్టించుకురమ్మంటే అసలే వినపడదు.

అట్లాంటి మనిషికి మంచి సౌండు కావాల్నంట!

"నంద్యాలలో పాత సినిమా హాలు గుర్తుందా? యాడ కూర్చున్నా, హీరోయిన్ గొణిగినా చెవిలో చెప్పినట్టుండేది. మన ఇంట్లో అట్లుండాల."

"ఆ హాలు కల్యాణ మండపం అయింది. మన ముందర గదిలో బియ్యం మూటలున్నాయి," అంది పూర్ణిమ.

అది కూడా వినపడలేదు.

నంద్యాలలో టీవీల అంగడికి పోయి, రాజశేఖర్ అక్కడా హాలు గురించి అదే పాట పాడాడు. ఐదు స్పీకర్ల సెట్టుకు డబ్బు చాలలేదు.

"ముందరివి రెండే తీసుకోన్నా, మంచివి తీసుకో. మాటలు వాటిలోంచే వస్తాయి," అన్నాడు అంగడాయన విష్ణువర్ధన్.

మరుసటి రోజు స్పీకర్ల డబ్బాలు రెండూ అంగడి ఆటోలో ఆళ్లగడ్డలో వాళ్ళ ఇంటికి వచ్చాయి. వాటితో పాటు ఒక ముసలాయన దిగాడు. మాసిన చొక్కా, జేబులో సుద్దముక్క.

డబ్బాలు దించి పోకుండా, గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఒక మూలకు పోయి కొట్టాడు. ఇంకో మూలకు పోయి కొట్టాడు.

"ఏందీ, భజన చేస్తాండాడా?" అని గొణిగింది పూర్ణిమ.

ఆమె మామ ఆదినారాయణ పడక్కుర్చీలోంచి తల తిప్పి చూశాడు. ముసలాయన నవ్వాడు.

"పెద్దాయన రోజూ ఈ కుర్చీలోనేనామ్మా కూర్చునేది?"

"ఎందుకు?"

ముసలాయన కొలిచే టేపు తీసి, నేల నుంచి పైకి లాగి, ఆదినారాయణ చెవి దగ్గర వేలు పెట్టాడు.

ఆ చెవికి కెంపుల పోగు ఉంది. బంగారుది. పెండ్లినాటిది.

పూర్ణిమ గబుక్కున అడ్డం వచ్చింది.

"ఏమన్నా, చెయ్యి తియ్! డబ్బాలు దించినావు గదా, ఇంగ పో."

"అది కాదమ్మా. స్పీకర్లు పైన సజ్జ మీద పెట్టొద్దండి. ఇంత ఎత్తులో, గోడకు మూరెడు ఎడంగా, కుర్చీ దిక్కు తిప్పి..." అంటూ నేల మీద సుద్దతో రెండు గుర్తులు పెట్టాడు.

"ఆడ పెడితే మేము యాడ నడవాల?" అన్నాడు రాజశేఖర్.

పూర్ణిమ మర్యాదకు మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పెట్టి, లోపలి గదిలోకి పోయి, చప్పుడు కాకుండా బీరువాకు తాళం తిప్పింది.

తిరిగొచ్చేసరికి ముసలాయన చెప్పులేసుకుంటున్నాడు. మజ్జిగ ముట్టలేదు.

"వస్తానమ్మా. భయపడొద్దు."

"నేనెందుకు భయపడతా?" అంది పూర్ణిమ.

ఆయన గేటు దాటాక, మామ పోగులు రెండూ ఉన్నాయో లేదో చూసుకుంది. సుద్ద గుర్తులను ఫినాయిలు వేసి మరీ తుడిచింది.

స్పీకర్లు సజ్జ ఎక్కాయి.

ఫైటింగ్ వస్తే కిటికీలు అదిరేవి. మాటలొస్తే మాత్రం...

"ఏమన్నాడు?" అనేవాడు ఆదినారాయణ.

రెండో రోజూ "ఏమన్నాడు?"

పూర్ణిమ విసుక్కుంది. నాలుగో రోజు రాజశేఖర్ తేల్చేశాడు. "నాయనకు చెవుడు వచ్చింది."

భార్య పోయినప్పటి నుంచి ఆదినారాయణకు సాయంత్రం సినిమా ఒక్కటే కాలక్షేపం. ఆ రోజు నుంచి టీవీ పెట్టగానే లేచి బయట అరుగు మీదికి పోయేవాడు.

వారం చూసి, పూర్ణిమే ఆయన్ను నంద్యాల తీసుకుపోయి చెవి డాక్టరుకు చూపించింది.

"ఈయన చెవులకేం? మీకంటే బాగున్నాయి," అన్నాడు డాక్టరు.

తిరుగు బస్సులో ఆదినారాయణ మెల్లగా అన్నాడు. "ఆయప్ప చెప్పినట్టు ఒకసారి పెట్టి చూడరాదా, మ్మా? నా చెవి ఎత్తు కొలుచుకున్నాడు గదా."



ఇంటికి రాగానే పూర్ణిమ స్పీకర్లు దించింది. రెండు స్టూళ్ళ మీద, చెవి ఎత్తున, గోడకు మూరెడు ఎడంగా, కుర్చీ దిక్కు తిప్పి పెట్టింది. బియ్యం మూటలు వంటింట్లోకి నడిచాయి.

సినిమాలో ఎవరో ఏదో గొణిగాడు. రాజశేఖర్ కంటే ముందు ఆదినారాయణ పకపకా నవ్వాడు.

పూర్ణిమ ఆ నవ్వు విని, విష్ణువర్ధన్‌కు ఫోన్ చేసింది.

"తమ్ముడూ, ఆ రోజు వచ్చిన కూలీ ఆయన్ని ఒకసారి పంపుతావా? భోజనం పెట్టాల."

"మత్తయన్నా? కూలీ కాదక్కా. ముందు రోజు అంగట్లో ఒక మూల కూర్చోని, రాజశేఖరన్న మాటలు విని, తనంతట తనే ఆటో ఎక్కినాడు. మొన్ననే సామాను సర్దుకోని హోసూరుకు, కూతురి దగ్గరికి పోయినాడు. ఇంగ రాడు."

"మా గురించి ఏమన్నా అన్నాడా?"

"ఏం లేదక్కా. 'లోపల బీరువాకు తాళం పడింది, ఆయమ్మ భయపడినట్టుంది పాపం,' అన్నాడంతే."

పూర్ణిమ ముఖం మండింది. బీరువాకూ ముందర గదికీ నడుమ రెండు తలుపులున్నాయి.

"అంత చిన్న చప్పుడు ఆయనకెట్ల వినపడింది తమ్ముడూ?"

విష్ణువర్ధన్ చెప్పాడు.

ఆమె ఫోన్ పెట్టేసింది. రాజశేఖర్ టీవీ ఆపేశాడు.

"ఏమన్నాడు?" అన్నాడు ఆదినారాయణ.

పూర్ణిమ ఈసారి విసుక్కోలేదు. కుర్చీ ఎదురుగా, తాను తుడిచేసిన సుద్ద గుర్తు దగ్గరే నేల మీద కూలబడింది.

"తప్పు నాదే మామా... నేను దొంగనుకునింది, ఆ నంద్యాల హాల్లో ముప్పై ఏండ్లు సౌండు పెట్టిన మనిషిని."