జత బట్టలు

కూతురు తన పాప బడిసంచి సర్దుతుంటే అమ్మమ్మ పక్కనే కూర్చుని ఒక్కో వస్తువునూ కళ్ళతో లెక్కపెడుతోంది. నీళ్ళ సీసా. టిఫిన్ డబ్బా. రంగు పెన్సిళ్ళు. చేతిరుమాలు. చివర్న, మడతపెట్టిన పసుపు గౌను.

గౌను సంచిలోకి వెళ్ళిందో లేదో, వెనకే అమ్మమ్మ చెయ్యి వెళ్ళి దాన్ని బయటికి లాగింది.

"ఒక్క రోజు బడికి జత బట్టలెందుకే?"

"బడివాళ్ళే పెట్టమన్నారమ్మా. నీళ్ళు ఒలకబోసుకుంటారట."

"తడిస్తే తడవనీ. అదే ఆరిపోతుంది."

కూతురికి నవ్వొచ్చింది. "వేరే అమ్మమ్మలైతే దుప్పటి కూడా పెట్టి పంపిస్తారు. నువ్వేంటి, ఉన్నవి పీకేస్తావు?"

ఐదేళ్ళ మనవరాలు అప్పటికే బూట్లు వేసుకుని గుమ్మంలో గెంతుతోంది. వాదించే తీరిక ఎవరికీ లేదు. గౌను అమ్మమ్మ చేతిసంచిలోకి పోయింది.

బడిలో పెద్ద హాలు. పిల్లల కుర్చీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఒదిగి కూర్చున్నారు. హెడ్మిస్ట్రెస్ కొత్త సంవత్సరానికి అందరికీ స్వాగతం చెప్పి, తల్లిదండ్రుల హక్కుల కాగితం అందుకుంది.

"మీ బిడ్డ రికార్డులు ఎప్పుడైనా అడిగి చూడొచ్చు. ముందుగా చెప్పి తరగతిలో కూర్చోవచ్చు. ఎవరైనా చెయ్యి చేసుకుంటే నన్ను నిలదీయొచ్చు. అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టనక్కర్లేదు. సాయంత్రం, మీరు కార్డులో రాసిన మనుషులకి తప్ప పిల్లల్ని ఇంకెవరికీ అప్పగించం. మీ బిడ్డ ఎక్కడుందో ప్రతి నిమిషం తెలుసుకునే హక్కు మీది."

వెనక వరసలోంచి అమ్మమ్మ లేచింది.

"ఒక మాటమ్మా. కార్డులో రాసిన మనిషి రాకపోతే?"

"ఫోన్ చేస్తామండీ."

"ఎత్తకపోతే?"

"రెండో పేరుకి చేస్తాం."

"వాళ్ళూ రాకపోతే?"

హాల్లో నవ్వులు. ముందు వరసలో ఒక తండ్రి వెనక్కి తిరిగి, "ఈవిడ పాపని చేర్పించడానికొచ్చారా, మేడంగారికి పరీక్ష పెట్టడానికొచ్చారా?" అన్నాడు.

హెడ్మిస్ట్రెస్ నవ్వలేదు. "ఎవరో ఒకరు వచ్చేదాకా మేమే పక్కన కూర్చుంటాం."

"ఎక్కడ? గేటు దగ్గర బెంచీ మీదా, లోపలా?"

"లోపలే. నా గదిలో."

"తలుపు తీసే ఉంచుతారు కదా? రోడ్డు కనబడాలి."

నవ్వులు ఆగిపోయాయి. కూతురు చెయ్యి పట్టి లాగింది. అమ్మమ్మ కూర్చోబోయి, మళ్ళీ నిలబడింది.

"పెద్దవాళ్ళ హక్కులన్నీ చదివారు, బాగుంది. ఎవరొస్తారో, ఎన్నింటికొస్తారో తెలుసుకునే హక్కు పిల్లలకి లేదా అమ్మా?"

హెడ్మిస్ట్రెస్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అది ఇందులో లేదండీ," అంది మెల్లగా.

"ఎప్పుడో పిల్లని పోగొట్టుకుని ఉంటుంది పాపం," గోడవారన ఒక టీచరు ఇంకో టీచరు చెవిలో అంది. అమ్మమ్మకి వినబడింది. కార్డు రాయడానికి గుమస్తా బల్ల దగ్గరికి నడిచింది.

కార్డులో నాలుగు గడులు. కూతురు తన పేరూ, భర్త పేరూ రాసింది. మూడో గడిలో అమ్మమ్మ తన పేరు రాసుకుంది. నాలుగో గడిలోనూ అదే రాసింది.

"మళ్ళీ మీ పేరేనా?" అడిగింది గుమస్తా.

"మూడో గడిలో మనిషి రాకపోతే నాలుగో గడిలో మనిషి ఉండాలి కదమ్మా."

తరగతి గుమ్మం దగ్గర కూతురు వంగి పాప బుగ్గ మీద ముద్దుపెట్టింది. "వస్తాను తల్లీ."

అమ్మమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "అట్లా అనకు."

"వస్తాననక, పోతానంటారా ఎవరైనా?"

"ఆ మాట పెద్దవాళ్ళకి ఒకలా వినబడుతుంది, పిల్లలకి ఒకలా. టైము చెప్పు. దాని మొహం చూసి చెప్పు."

కూతురు నిట్టూర్చింది. "నాలుగింటికొచ్చి ఇంటికి తీసుకెళ్తాను, బంగారం. సరేనా?" అని ఆఫీసుకి పరిగెత్తింది.

అమ్మమ్మ ఇంటికి వెళ్ళలేదు. గేటు పక్క సిమెంటు బెంచీ మీద చతికిలబడింది.

"సాయంత్రం దాకా ఇక్కడేనా పెద్దమ్మా? ఉద్యోగం నాదా, మీదా?" అన్నాడు వాచ్‌మన్.

"నీకు జీతమిస్తారు నాయనా. నాది అలవాటు."

"మీ అమ్మాయి చదువుకున్నప్పటి నుంచా?"

"అంతకుముందు నుంచే."

నాలుగింటికి గంట కొట్టారు. పిల్లలు ఒక్కొక్కరే పెద్దవాళ్ళ వేళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు. నాలుగూ ఐదు. నాలుగూ పది. కూతురు రాలేదు. ఆయా కార్డు చూసి పాపని అమ్మమ్మకి అప్పగించింది.

"పద, నేనున్నానుగా," అంది అమ్మమ్మ.

పాప కదల్లేదు. రోడ్డు మలుపు దగ్గరే చూపు. "నువ్వు కాదు. అమ్మ వస్తానంది."

అమ్మమ్మ పాపని పక్కన కూర్చోబెట్టుకుని, తానూ ఆ మలుపుకేసే చూస్తూ కూర్చుంది.

నాలుగూ ఇరవైకి కూతురు రొప్పుతూ వచ్చింది. చెప్పు తెగి చేతిలో ఉంది. పాప ఎగిరి చంకెక్కింది.

"బస్సు ఆగిపోయిందమ్మా, మూడు స్టాపులు నడిచొచ్చాను. అయినా ఇరవై నిమిషాలకే ఇంత ఏడుపా?" అంది. పాప కళ్ళు పొడిగానే ఉన్నాయి. అమ్మమ్మ చేతిలో పసుపు గౌను తడిసి ముద్దయింది.

అరవై మూడేళ్ళ కిందట, బళ్ళు తెరిచిన రోజున, ఆమె సంచిలో నాలుగు జతల బట్టలు సర్ది, గేటు దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి, "వస్తాను" అని వెళ్ళిన వాళ్ళమ్మ మళ్ళీ రాలేదు.