పేరుకే అల్లం

రెండు చీరలు, కళ్లజోడు డబ్బా, ఒక దువ్వెన. సంచి సగం కూడా నిండలేదు.

"అంతేనా సామాను?" గుమ్మంలో నిలబడి అడిగింది కొత్త సూపర్‌వైజరు.

"అంతేనమ్మా. పదకొండేళ్లకి ఇంతే పోగయింది."

ముఖం కడుక్కునే ద్రవం తయారుచేసే ఆ షెడ్డులో ఆవిడను అందరూ తాత్సారమ్మ అంటారు. ద్రవం కలపడం ఆవిడ పని. ముందు నీళ్లు వెచ్చబెట్టాలి, తెల్లపొడి చిటికెడు చిటికెడుగా చల్లాలి, కరిగిందాకా తిప్పాలి. డ్రమ్ముకి గంట.

అది చూసే సూపర్‌వైజరుకి ఒళ్లు మండింది, ఆవిడను పనిలోంచి తీసేసింది.

"ఆ పొడి పేరు అల్లంటోయిన్. మీరేమో అల్లంపొడి అంటారు!"

"పేరుకే అల్లం తల్లీ. అది లేకపోతేనే మంట. చన్నీళ్లలో మాత్రం వేయకండి, అలిగి అడుగున కూర్చుంటుంది."

"పొడి అలుగుతుందట!"

అందరూ నవ్వారు. తాత్సారమ్మ కూడా నవ్వి, సంచి భుజాన వేసుకుంది.

ఆ మధ్యాహ్నానికే చన్నీళ్లతో మూడు డ్రమ్ములు తయారయ్యాయి. సూపర్‌వైజరు ఒక సీసా ఇంటికి తీసుకెళ్లింది. ఆరేళ్ల కూతురికి ఏ సబ్బు తగిలినా బుగ్గలు కందిపోతాయి. ఈ ద్రవం ఒక్కటే పడింది. అందుకే ఏరికోరి ఈ ఉద్యోగంలో చేరింది.

"అమ్మా, మంట!"

నీళ్లు పోసింది. తడిగుడ్డ వేసింది. ఊదింది.

"ఊదకమ్మా, ఇంకా మండుతోంది!"



మర్నాడు డ్రమ్ము వంచి చూసింది. అడుగున ఇసుకలా తెల్లటి మేట.

తనే నీళ్లు కాచి మళ్లీ కలిపింది. ఎంత పొడి, ఎంత వేడి? కాగితం మీద ఎక్కడా లేదు. సాయంత్రం పిల్ల సీసా చూడగానే తలుపు గడియ వేసుకుంది.

యజమానికి ఫోను చేసింది.

"తాత్సారమ్మకి చెప్పమ్మా, చూసుకుంటుంది."

"పంపించేశానండీ."

 ఆయన చెప్పింది విని, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

తాత్సారమ్మ అద్దెగదికి తాళం.

"ఏ ఊరు వెళ్లింది పిన్నీ?"

"చెప్పలేదమ్మా. నేనూ అడగలేదు," అంది పక్కింటావిడ.

మనవరాలి ఒంటికి ఏ సబ్బూ పడకపోతే, ఏడు నెలలు తన ముంజేతి మీద రుద్దుకుని చూసి ఆ పాళ్లు కుదిర్చిన మనిషి, సోమవారం ఉదయం పదింటికి షెడ్డు దాటి వెళ్లింది, మళ్లీ రాలేదు.