ఖోకాకి సంబంధం

"దీదీ, దీన్నుంచి ఇలిశ చేప వాసన వస్తోందేమిటి?"

హార్డ్ డిస్కును ముక్కు దగ్గర పెట్టుకుని మొంటూ అడిగాడు.

శర్బాణి ముఖం ఎర్రబడింది. "ఫ్రిజ్‌లో పెట్టాను. బాగా చల్లబడితే మళ్ళీ పనిచేస్తుందని పక్కింటావిడ చెప్పింది."

"తీసి, మళ్ళీ స్విచ్ వేశారా?"

"చాలాసార్లు. టక్ టక్‌మని కొట్టుకుని ఆగిపోయింది."

"ఆవిడ చేప సంగతి చెప్పి ఉంటుంది దీదీ. డిస్కు సంగతి కాదు."

చాందినీ బజారులో పాడైన డిస్కులు బాగుచేసే ఆ ఇరుకు కొట్టులో అందరూ నవ్వారు. శర్బాణి నవ్వలేదు.

"ఏముంది ఇందులో?"

"మా ఆయన గొంతు."

నవ్వులు ఆగిపోయాయి.

"మంచాన పడ్డాక పాప కోసం రోజూ ఒక కథ చదివి రికార్డు చేసేవాడు. ఆయన పోయాక అది వింటేనే పాప నిద్రపోతోంది."

"ఇంకో చోట కాపీ దాచలేదా?"

"దాచాలి, దాచాలి అనుకుంటూనే ఉన్నాం."

మొంటూ డిస్కును మెత్తటి గుడ్డ మీద పెట్టాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"లోపల పళ్ళేలు బాగున్నట్టే ఉన్నాయి. చదివే సూదులు పోయాయి. అచ్చం ఇలాంటి డిస్కే ఇంకోటి దొరికితే దాని సూదులు తీసి దీనికి పెడతాను. కంపెనీ, పుట్టిన దేశం, పుట్టిన నెల, అన్నీ కలవాలి. మేం దాన్ని సంబంధం కుదరడం అంటాం."

"దొరుకుతుందా?"

మొంటూ అలమర వైపు చూపించాడు. పై వరసలో ఒక డిస్కు. దాని మీద తెల్లటి టేపు, టేపు మీద 'ఖోకా', అంటే 'బాబు', అని రాసి ఉంది.

"అదిగో, మీదానికి కవల."

"మరింకేం, దాని సూదులు తీసి పెట్టండి!"

"అదీ రోగే దీదీ. దానికీ సూదులే పోయాయి. మూడేళ్ళుగా వెతుకుతున్నాం. మా కొట్టులో ముదురు బ్రహ్మచారి మా ఖోకా."

ఆ తర్వాత శర్బాణి రోజూ వచ్చింది. బల్ల మీద కూర్చునేది. లేచి ట్రామ్ పట్టాల దాకా వెళ్ళేది. తిరిగి వచ్చి, "ఏమైనా తెలిసిందా?" అని అడిగేది.

ఒక మధ్యాహ్నం మంకీ టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన ఆయాసపడుతూ వచ్చాడు. ఒక చేతిలో మిఠాయి పెట్టె. రెండో చేతిలో గుండెకు అదుముకున్న ప్లాస్టిక్ కవరు.

మొంటూ లోపల అద్దాల గదిలో పనిలో ఉన్నాడు. ముసలాయన శర్బాణి పక్కన కూర్చుని, కవరులోంచి ఒక డిస్కు తీసి మురిపెంగా చూసుకున్నాడు.

శర్బాణి తొంగిచూసింది. దాని మీది అక్షరాలు ఆమెకు కంఠతా వచ్చినవే. అదే కంపెనీ, అదే దేశం, అదే నెల.

"ఎంతకిస్తారు?"

"అమ్మడానికి కాదు తల్లీ."

ఈ సందుల్లో పాత డిస్కులు అమ్మే బ్రోకర్లు ఎలా ఉంటారో ఆమె ఇన్నాళ్ళుగా చూస్తూనే ఉంది.

"మొదట అందరూ అలాగే అంటారు. అవసరం కనిపెట్టి రేటు పెంచుతారు. కష్టంలో ఉన్నవాళ్ళ మీద బతకడానికి సిగ్గుండాలి."

ముసలాయన ఏదో చెప్పబోయాడు. అంతలో ఆమె ఫోను మోగింది. అవతలి గొంతు పక్కవాళ్ళకు కూడా వినబడేంత గట్టిగా ఉంది.

"అమ్మా, నాన్న బాగయ్యాడా?"

"ఇంకా లేదు తుపుర్."

"నిన్నా లేదన్నావు. నాకు నాన్న గొంతు సరిగ్గా గుర్తు రావట్లేదమ్మా."

శర్బాణి ఫోను పెట్టేసి గోడ వైపు తిరిగింది.

ముసలాయన డిస్కును మళ్ళీ కవరులో పెట్టాడు. తర్వాత లేచి అద్దాల గది తలుపు కొట్టాడు. మొంటూ చెవిలో ఏదో చెప్పాడు. మొంటూ తల అడ్డంగా ఊపాడు.

"వద్దు కాకాబాబూ, ఇంకోసారి ఆలోచించుకోండి."

"చెప్పిన పని చెయ్యరా."

కవరు మొంటూ చేతిలో పెట్టి ఆయన బయటికి వచ్చాడు.

"కమీషన్ తేలిందా?" అంది శర్బాణి.

"తేలిందమ్మా." ఆయన మిఠాయి పెట్టె తెరిచి ఆమె ముందు పెట్టాడు. "కొత్త బెల్లం సందేశ్. ఒకటి తీసుకో."

ఆకలి మీద ఉండి, తీసుకుంది. కృతజ్ఞతలు చెప్పలేదు.

రెండు రోజులకు మొంటూ కబురు చేశాడు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోగానే భర్త దగ్గాడు. తర్వాత, "తుపుర్, ఇవాళ్టి కథలో ఒక నక్క ఉంది..." అన్నాడు.

ఆమె ఏడుపు ఆగేదాకా మొంటూ అటు తిరిగి నిలబడ్డాడు. తర్వాత రెండు కాపీలు చేతికిచ్చాడు.

"రెండూ ఒకే ఇంట్లో పెట్టకండి దీదీ. ఫ్రిజ్‌లో అసలే పెట్టకండి."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఆ బ్రోకరుకి ఏమివ్వాలి?"

"ఏమీ అక్కర్లేదన్నారు. ఇక ఈ వైపు రానన్నారు."

ఆమె అలమర వైపు చూసింది. పై వరసలో చోటు ఖాళీగా ఉంది.

"ఖోకా ఏడి? అతనికీ సంబంధం కుదిరిందా?"

"కుదిరింది. కానీ ఒకసారి మార్చి పెట్టిన సూదులు, రెండోసారి ఇంకోదానికి పెడితే నిలవవు దీదీ."

ఆమెకు అర్థం కాలేదు. "మరి ఖోకా?"

"ఇంటికి తీసుకెళ్ళిపోయారు. పోయిన పిల్లాడిది మిగిలింది ఆ డిస్కు ఒక్కటే."

మొంటూ ఖాళీ మిఠాయి పెట్టెను కౌంటరు మీద నుంచి తీసి పక్కన పెట్టాడు.

"ఖోకాకి సంబంధం కుదిరిన రోజు కొట్టంతటికీ సందేశ్ పంచుతానని వాళ్ళ నాన్న మూడేళ్ళుగా అంటుండేవారు దీదీ, మొన్న మీరు తిన్నది అదే."