మూడో చరణం

బంగారూ,

నీ గొంతు ఎలా ఉంది? మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మీ నాన్న షుగర్ చూపించుకున్నారా? నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకండి.

పక్కింటి టీచరమ్మ ఫోనులో నీ పాట వినిపించింది. మా అమ్మ నేర్పిన జోలపాటను పియానోతో కలిపి ఎత్తుకున్నావు. మూడో చరణం దగ్గర మాటలు పోయాయి. దుబ దాబ, షూబి షూబి అంటూ గొంతు ఎక్కడెక్కడికో పోయింది. మరిచిపోయావేమో, జనం నవ్వుతారేమోనని భయపడ్డాను.

"అది జాజ్ పిన్నిగారూ, అప్పటికప్పుడు అలా అల్లుకుంటూ పోతారు" అంది టీచరమ్మ. చప్పట్లు కూడా అక్కడే ఎక్కువ కొట్టారు.

చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి, "అమ్మమ్మా, ఇక్కడ మాటలేవీ?" అని. "లేవే తల్లీ, నీ నోటికొచ్చినట్టు కూయ్" అనేదాన్ని.

అది అబద్ధం. అక్కడ మాటలున్నాయి. మీ అమ్మకంటే ముందు పుట్టి, ఏడాది నిండకుండానే పోయిన పిల్లాడి కోసం నేను కట్టి చేర్చినవి. వాడి పేరుంది అందులో. మీ తాతయ్య వింటే తట్టుకోలేరని ఆ చరణమంతా లాలలా అనేసేదాన్ని. నువ్వు నేర్చుకున్నది ఆ లాలలానే.

ఆ మాటలు ఈ ఉత్తరంలో రాద్దామంటే ఒక్కటీ గుర్తు రావడం లేదు. పాడితేనే వస్తాయి.

పద్నాలుగో తారీఖున నా గొంతులో గడ్డ తీస్తారు. ఆ తర్వాత మాట వస్తుందో రాదో డాక్టరు చెప్పలేనన్నాడు. అమ్మకి ఇప్పుడే చెప్పకు. నువ్వు పదకొండో తారీఖు పొద్దున్నే రా.