ధైర్యం పదికి మూడు

"ధైర్యం పదికి మూడేంటక్కా? ఇంత పిరికివాడితో కోట ముట్టడికి వెళ్తామా?" అన్నాడు తమ్ముడు, అక్క రాసిన కాగితం లాక్కుని.

"మూడు కూడా ఎక్కువే. బొద్దింక కనిపిస్తే మంచమెక్కే మనిషి," అంది అక్క.

సెలవు రోజు మధ్యాహ్నం. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో, అక్షరాల పట్టిక కింద, బల్ల చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. ఒక్కొక్కరు ఒక్కో పాత్రను కల్పించుకుని, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట వాళ్ళది. దుకాణం ఆయనే సూత్రధారి. ఏం కనిపించిందో, ఏం వినిపించిందో ఆయన చెప్పాలి. ఏం చేస్తారో వీళ్ళు చెప్పాలి. రెండేళ్ళ కిందట అద్దాలకని వచ్చిన తమ్ముణ్ణి మాటల్లో పెట్టి, "మీ అక్కనూ తీసుకురా" అని ఆటలోకి దించింది ఆయనే. అక్కాతమ్ముళ్ళ గది మేడ మీద. అక్కడ ఆడదామని ఎన్నిసార్లు పిలిచినా మోకాళ్ళ నొప్పులంటూ ఆయన మెట్లెక్కడు.

"మన బల్ల దగ్గర అందరూ వీరులుగానే మొదలవ్వాలి కదమ్మా," అన్నాడు సూత్రధారి.

"అదీ మాట. రోజంతా వ్యాను తోలేది చాలక, ఇక్కడ కూడా మామూలువాణ్ణేనా? నేను మాత్రం యువరాజునే," అన్నాడు తమ్ముడు.

"వీరుడు చచ్చిపోతే ఎవరూ అయ్యో అనరు. పైగా చప్పట్లు కొడతారు. నాకు మామూలు మనిషే కావాలి," అంది అక్క.

"వీరుడైతే ఏం జరిగినా వాడి తలరాత అనుకోవచ్చమ్మా. మామూలు మనిషికి ఏదైనా అయితే మనసు ఊరుకోదు," అన్నాడు సూత్రధారి.

తమ్ముడు ఈలోగా కాగితం మొత్తం చదివాడు. ఎలక్ట్రీషియన్. ముప్పై నాలుగేళ్ళు. ఎడమ చేతివాటం. అతని ముఖంలో నవ్వు మాయమైంది.

"బావ కదక్కా," అన్నాడు మెల్లగా. "బావను పిరికివాడంటావేంటి? పేపర్లో కూడా హీరో అని వేశారు."

"వేశారు. ఏం లాభం?" అంది ఆమె. "వైరింగ్ పనికెళ్ళిన లాడ్జి తగలబడుతుంటే కింది దాకా వచ్చేశాడు. పైన ఎవరో అరుస్తున్నారని వాచ్‌మన్‌తో చెప్పి మళ్ళీ ఎక్కాడు. తీరా చూస్తే పైన ఒక్కరూ లేరట. వెనక కిటికీ ఒకటి తెరిచి ఉందట, అంతే. ఖాళీ గది కోసం పోయాడు నా మొగుడు. మూడేళ్ళయినా నేనింకా ఆ మెట్ల దగ్గరే ఉన్నాను."

సూత్రధారి కళ్ళజోడు తీసి, తుడిచిందే తుడిచాడు.

"పాత్ర ఎక్కడ మొదలవ్వాలో ఆడేవాళ్ళ ఇష్టం. మీరు పెట్టిన నియమమే," అంది ఆమె. "నావాడు ఆ మెట్ల మీద మొదలవుతాడు."

"వద్దమ్మా. వీరుడిగా రాయండి. కోట ఇస్తాను, గుర్రం ఇస్తాను."

"గుర్రం నాకెందుకండీ? మనిషి ఇంటికొస్తే చాలు."

"ఒక్కసారికి ఆడనివ్వండి గురువుగారూ," అని బతిమాలాడు తమ్ముడు.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"రెండో అంతస్తు మెట్లు. పొగ నల్లగా ఉంది. రెయిలింగ్ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది."

"దిగుతున్నాడు," అంది ఆమె.

"మలుపులో బకెట్టు అడ్డంగా పడి ఉంది."

"దాటాడు."

"కింద గుమ్మం. బయట ఎండ." ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

ఆమె పాచికను పిడికిట్లో బిగించింది. అడగడానికి భయం వేసింది. అడగకుండా ఉండలేకపోయింది.

"పైనుంచి... ఏమైనా వినిపించిందా?"

సూత్రధారి తల వంచుకుని బల్ల మీది కాగితాలు సర్దాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఏమీ వినిపించలేదు. ఎవరూ అరవలేదు."

"అయితే ఇంటికొచ్చేస్తున్నాడు," అంటూ ఆమె బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. తమ్ముడు ఆమె వీపు నిమురుతూ, కృతజ్ఞతగా ఆయన వైపు చూశాడు. ఆయన తలెత్తలేదు.

ఆ రోజు లాడ్జి పైనుంచి అరిచి, వెనక కిటికీలోంచి దూకేసింది సూత్రధారే.